గోడకు ఆనిన తల

పొద్దున ఎనిమిదిన్నర అయిందంటే నా చేయి దానంతట అదే సోడా డబ్బా మీదికి పోయేది. చిన్న గిన్నెలో వేడినీళ్ళు, చెంచాడు సోడా, పాత చీర ముక్క. పిల్లలు బడికి పోయాక, మా ఇంటాయన గోడ దగ్గర నుంచి లేచి చాప మీదికి మారాక, ఆయన తల ఆనిన చోటు తుడవడం నా పని. ఇరవై రెండేళ్ళు చేశాను. పిల్లలు చదువులు అయిపోయి పనుల్లో పడ్డాక కూడా చేశాను. ఇప్పుడు ఏడు నెలలైంది, ఆ పని లేదు. చేయి మాత్రం ఇప్పటికీ డబ్బా దాకా పోతుంది. మూత పట్టుకుని, ఎందుకొచ్చానా అని నిలబడిపోతాను.

మా ఇంటాయన పేరు గంగారాం. సూరత్‌లో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, ముప్పై ఏళ్ళు బట్ట నేశాడు. ఆయన గురించి చెప్పడానికి గొప్ప సంగతులేమీ లేవు. మా లింబాయత్‌లో గల్లీకి పదిమంది అలాంటివాళ్ళు ఉంటారు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో మేనమామ వెంట రైలెక్కి వచ్చాడు. మొదట నాలుగు సాంచాలు చూసేవాడు, తర్వాత ఎనిమిది, చివరికి పన్నెండు. వాటి మధ్య సందులో రాత్రంతా అటూ ఇటూ నడవాలి. ఎక్కడ దారం తెగితే అక్కడ ఆగి ముడి వేయాలి. ఆ చప్పుడుకు నలభై రాకముందే చెవులు మందగించాయి. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదనుకుని గట్టిగా మాట్లాడేవాడు. "ఉప్పు తక్కువైందే!" అని ఆయన అన్నం ముందు కూర్చుని అంటే, పక్కింటి లింగవ్వక్క గోడ అవతల నుంచి "పంపాల్నా తమ్మీ?" అని అడిగేది.

ఆయనకు తలనిండా కొబ్బరినూనె ఉండాలి. మా అత్త బాలవ్వ చిన్నప్పుడు అలవాటు చేసింది. "ఇంత నూనె ఎందుకయ్యా, చెంపల మీదికి కారుతుంది" అంటే ఆయన దగ్గర జవాబు ఉండేది. "తల మీద నూనె ఉంటెనే సాంచా చప్పుడు లోపటికి పోదే. నీకేం తెలుసు?"

మాది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగు ఉన్న ముందు గది. వెనుక వంటకు ఒక సందు. ఆ గదిలోనే ఇనుప మంచం, బీరువా, కుట్టుమిషను, టీవీ, దేవుడి గూడు, మేం నలుగురం. రాత్రి పాళీ చేసి ఆయన ఏడింటికి ఇంటికి వచ్చేసరికి మంచం మీద సింధూజ, నేల మీద శివకృష్ణ ఇంకా లేచీ లేవక ఉండేవాళ్ళు. లేచాక వాళ్ళ సంచులు, బూట్లు, నా టిఫిన్ డబ్బాలు. ఆయనకు గడప పక్క గోడ దగ్గర రెండడుగుల చోటు మిగిలేది. అక్కడ కూర్చుని, కాళ్ళు ముడుచుకుని, తల గోడకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. పిల్లలు బడికి పోయేదాకా అంతే. వాళ్ళు పోయాక చాప పరిచేదాన్ని.

ఆ తల ఆనిన చోట మచ్చ పడింది. నా నడుముకు కొంచెం కింద, పెద్ద రొట్టె అంత గుండ్రంగా. నేను తుడుస్తూనే ఉన్నాను, అది పడుతూనే ఉంది. రోజూ ఒకటే గొడవ.

"గోడకు తల ఆనియ్యకుమంటే వినవేందయ్యా? సున్నమేసి ఏడాది గాలేదు."

"నేనేడ ఆనిచ్చిన? గోడనే వచ్చి నా తలకు ఆనింది."

పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు రాకపోయేది.

పోయిన కార్తీకంలో ఒకరోజు ఎప్పటిలాగే ఏడింటికి వచ్చాడు. పిల్లలిద్దరూ ఆ రోజు తొందరగా పనులకు పోయారు. చెప్పులు విప్పి గోడ దగ్గరే కూర్చుని, "చాయ్ పెట్టు, జర అల్లం ఎక్కువెయ్యి" అన్నాడు. నేను లోపలికి పోయి అల్లం దంచి, పాలు పొంగేదాకా నిలబడ్డాను. పది నిమిషాలు అయి ఉంటుంది. కప్పు పట్టుకుని వచ్చేసరికి ఆయన కళ్ళు మూసి, తల గోడకు ఆనించి ఉన్నాడు. దీపాలు పెట్టుకునే నెల అని ముందు రోజే ఆ గోడ బాగా రుద్ది కడిగాను. నాకు ఒళ్ళు మండింది.

"మళ్ళ ఆనిచ్చినవా? నిన్ననే గదా కడిగిన!"

పలకలేదు. ఆయనకు చెవుడు కాబట్టి జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. గొంతు పెంచి మళ్ళీ అన్నాను. అయినా పలకలేదు. మూడోసారి వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "నీ నూనె తల పాడుగాను, గోడ ఇడువు!" అని అరిచి భుజం పట్టి కదిపాను. ఆయన పక్కకు ఒరిగిపోయాడు. చాయ్ నా చేతి మీద పడింది. కాలిందని నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

గుండె ఆగి అప్పటికే కాసేపయిందని డాక్టరు అన్నాడు. ఎంతసేపు అని నేను అడగలేదు. అడిగితే నేను తిట్టింది బతికున్న మనిషినా, పోయిన మనిషినా అన్నది తేలిపోతుంది. పిల్లలకు "చాయ్ తెచ్చేసరికి పోయిండు" అని చెప్పాను. అబద్ధం కాదు. కానీ మిగిలింది చెప్పలేదు.

పదకొండో దినం నాడు మా పద్ధతి ప్రకారం ఆయన బట్టలు, చాప, బొంత, చెప్పులు ఇంట్లోంచి పోయాయి. పోయిన మనిషి వాడినవి ఇంట్లో ఉండకూడదంటారు. దువ్వెన కూడా పోయింది. నూనె సీసా లింగవ్వక్కే తీసుకుపోయి బయట పెట్టింది. గోడకు ఒక ఫోటో మిగిలింది. అందులో ఫోటో స్టూడియోవాళ్ళు ఆయనకు నల్లకోటు తొడిగారు. ముప్పై ఏళ్ళు బనీను మీద పనిచేసిన మనిషి ఆ కోటులో ఎవరో బ్యాంకు ఆఫీసరులా ఉన్నాడు. ఆయనది అంటూ మిగిలింది ఆ మచ్చ ఒక్కటే. దాన్ని తుడవలేను, చూడలేను. చూస్తే నా గొంతు నాకే వినబడేది. వంటింట్లోంచి బియ్యం డ్రమ్ము దొర్లించుకుని వచ్చి దాని ముందు నిలబెట్టాను.

అలా ఉండగా శివకృష్ణకు సంబంధం వచ్చింది. వాడు పాండేసరలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. అమ్మాయి పేరు హారతి, తండ్రి ఉమాకాంత్ ఉధ్నాలో ఉంటాడు, మన మగ్గం మనుషులే. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరగకముందే శుభకార్యం చేయాలి, లేకుంటే మూడేళ్ళు ఆగాలి అని లింగవ్వక్క రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. ఆదివారం వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఇంతకుముందు వచ్చిన ఒక సంబంధంవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, "బీరువా మీద పడేటట్టున్నది తల్లీ" అని చాయ్ తాగకుండానే పోయారు. అందుకే పిల్లలిద్దరికీ ఈసారి పట్టుదల.

సింధూజ రింగ్ రోడ్ మార్కెట్‌లో పరదాల దుకాణంలో పనిచేస్తుంది. అది గది మధ్య నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మా, గదిని పెద్దగ చేయలేం. పెద్దగ కనవడేటట్టు చేయొచ్చు. నేల ఎంత ఖాళీగ కనవడితే గది అంత పెద్దగ అనిపిస్తది. మొదలు ఈ మంచం, బీరువా పోవాలె."

"మరి బట్టలు నీ నెత్తి మీద పెట్టుకుంటవా?" అన్నాడు శివకృష్ణ.

"కప్పు కిందున్న మాళియా మీద పెట్టెలల్ల పెడ్తం. నీ పెండ్లాం పొట్టిదయితే నువ్వే ఎక్కి తీసియ్యి."

"నా పెండ్లాం సంగతి ఛోడ్. పండుకునుడు ఎట్ల?"

"మడిచిపెట్టే మంచం తెస్తం. సోఫా సన్న కాళ్ళది, కింద నేల కనవడాలె. పరదా కిటికీ మీదికెళ్ళి కాదు, కప్పు దగ్గరికెళ్ళి నేల దాక. పలచటిది. కిటికీకి ఎదురుంగ పెద్ద అద్దం. గోడలు, కప్పు అన్ని ఒక్కటే రంగు, హాఫ్‌వైట్."

ఆయన పగలు పడుకోవాలని ఆ కిటికీకి రెండు పొరల నల్లటి రిజెక్టు బట్ట కుట్టి కట్టాను. ఇన్నేళ్ళలో తీయలేదు. గురువారం సింధూజ దాన్ని పీకింది. ఎండ లోపలికి వచ్చి ఎదుటి గోడ దాకా పోయింది. మా గదిలో గోడ మూలకు ఎండ తగలడం అదే మొదటిసారి చూశాను. భంగార్‌వాడు వచ్చి మంచం, బీరువా పాత ఇనుము కింద తూకమేసి పట్టుకుపోయాడు. శివకృష్ణ బియ్యం డ్రమ్మును వంటింటి వైపు దొర్లించాడు.

మచ్చ బయటపడింది.

"బాపు తల" అంది సింధూజ.

"మొదలు ఆ గోడకే ఎయ్యి" అన్నాను నేను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"కడగకుండ ఎయ్యొచ్చా అన్నా?" అని సింధూజ అన్నను అడిగింది.

"రెండు కోటింగులు పడితే అదే పోతది. టైమ్ నహీ హై" అంటూ వాడు డబ్బా మూత తెరిచాడు.

సాయంత్రానికి మచ్చ లేదు. నాలుగు గోడలూ ఒకటే తెలుపు. అది పోయిందని ఊపిరి పీల్చుకున్నాను. నా తప్పు కూడా దాని కిందికి పోయిందనిపించింది. ఇంతలో సింధూజ సంతోషం పట్టలేక, ఖాళీ నేల మీద ఆ గోడ వైపు తల పెట్టి వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ చాపింది.

"అమ్మా, చూడు! కాళ్ళు చాపినా ఇంకింత చోటున్నది!"

నేను వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉన్నాను. మా ఇంటాయన సింధూజ కంటే నాలుగు వేళ్ళు పొడుగు, అంతే. ఆయన పడుకున్నా ఇంకా చోటు మిగిలేది. ఆ చోటు ఎప్పుడూ ఈ గదిలోనే ఉంది. బీరువా కింద ఉంది. ఆ బీరువాలో ఏముంది? కట్టని నా పెళ్ళి చీరలు, ఊరి నుంచి చుట్టాలు వస్తే కప్పుకోవడానికని కొన్న ఆరు దుప్పట్లు. చుట్టాలు రాలేదు. దుప్పట్లకు పడుకోవడానికి చోటిచ్చి, రాత్రంతా నడిచి వచ్చిన మనిషిని ఇరవై రెండేళ్ళు కూర్చోబెట్టాను. కూర్చున్నవాడు తల ఎక్కడ పెడతాడు?

గరిటెలో పప్పు కింద పడుతోందని సింధూజ అరిస్తే తెలివిలోకి వచ్చాను.

శనివారం పొద్దున చీపురు తీసుకుని ముందు గదిలోకి వచ్చాను. మడత మంచం మీద సింధూజ, కింద శివకృష్ణ పడుకుని ఉన్నారు. కొత్త పరదాలోంచి పలచటి వెలుతురు. గడప పక్క తెల్లటి గోడ మీద, నా నడుముకు కొంచెం కింద, గుండ్రంగా, తడిసినట్టు, అది ఉంది.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. చీపురు కింద పడి ఉంది, పిల్లలిద్దరూ లేచి నన్ను పట్టుకుని ఉన్నారు, లింగవ్వక్క కొంగు సర్దుకుంటూ గుమ్మంలో ఉంది. నా వేలు గోడ వైపే ఉంది.

లింగవ్వక్క చూసి రెండు చెంపలూ వేసుకుంది. "వచ్చిండే గంగారాం! ఇల్లు ఇడువలేకపోతుండు!"

"పెద్దమ్మా, జర ఆగు" అని శివకృష్ణ గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలితో మచ్చను రుద్ది, వేలు చూసుకున్నాడు. తర్వాత అదే చేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"ఎంత గాడిదనే నేను! మిల్లుల రోజు చేసేదే ఈ పని. సాంచాల మీదికెళ్ళి వచ్చిన బట్టకు నూనె మరకుంటది. మొదలు దాన్ని సోడా పెట్టి కడగాలె. కడగకుండ రంగుల ముంచితే ఎన్నిసార్లు ముంచినా మరక పైకే వస్తది. కొత్తోడు ఎవడన్న అట్ల చేస్తే నేనే తిడుత. సాంచా నడిపేటోని కొడుకును, రంగుల మిల్లోన్ని, నేనే మా ఇంట్ల అట్ల చేసిన."

అంటే నూనె. ఆయన కాదు. వంగి చీపురు తీసుకున్నాను.

లింగవ్వక్కకు మాత్రం ఆ మాట ఎక్కలేదు. "సోడానో గీడానో నాకు తెల్వదు కొడుకా. ఆయన కోపానికి వచ్చిండు. ఆ పొద్దు గోడ గురించే గదా మీ అమ్మ అంతగనం మొత్తుకున్నది? నీ నూనె తల పాడుగాను అని మా ఇంట్లకు వినవడ్డది. నేను పోపు పెడ్తున్న. ఎప్పటి లెక్కనే అనుకున్న. కొంచెంసేపటికి ఏడుపు..." అని ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడు నెలలు ఆమె కూడా దాచిందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏ పొద్దు?" అన్నాడు శివకృష్ణ. నా వైపు తిరిగి, "అమ్మా, ఏ పొద్దు?" అన్నాడు.

నేను గోడను చూస్తూ చెప్పాను. "పాణం పోయినంక తిట్టిన బిడ్డా. పోయిండని నాకు తెల్వలే. చెవుడు గదా, వినవడతలేదనుకున్న. మూడుసార్లు తిట్టిన. మూడోసారి చెవుల నోరు పెట్టి తిట్టిన."

లింగవ్వక్క మెల్లగా వెళ్ళిపోయింది. సింధూజ రెండు చేతులతో ముఖం మూసుకుంది. శివకృష్ణ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. వేలికి అంటిన నూనెనే చూసుకున్నాడు.

"బడికి పోయేటప్పుడు నేను బూట్లేసుకొని బాపు కాళ్ళకాడికెళ్ళే దాటేటోన్ని" అన్నాడు చివరికి. "కండ్లు మూసే ఉండేటియి. నేను దగ్గరికి రాంగనే కాళ్ళు ఇంకింత లోపటికి గుంజుకునేటోడు. నిద్రపోతుండనే అనుకునేటోన్ని. నిద్రపోయేటోడు కాళ్ళెట్ల గుంజుకుంటడే అమ్మా?"

ఆయన అక్కడ నిద్రే పోలేదని నాకు ఇరవై రెండేళ్ళలో తట్టలేదు. కళ్ళు మూసుకుని, పిల్లల బూట్ల అదురు కోసం కాచుకుని కూర్చున్నాడు. మరి నా అరుపులు? అవి ఎన్ని వినబడ్డాయి, ఎన్ని వినబడనట్టు ఊరుకున్నాడు?

శివకృష్ణ లేచి వంటింట్లోకి పోయాడు. వేడినీళ్ళలో సోడా కలిపి, గిన్నె తెచ్చి గోడ దగ్గర పెట్టాడు. పక్కన పాత చీర ముక్క పెట్టాడు. నా ముఖం చూడలేదు. "నీళ్ళు చల్లారకముందే గట్టిగ రుద్దు. నేను పోయి ప్రైమర్ తెస్త. అది పట్టించి రంగేస్తే మళ్ళ రాదు. రేపు పదింటికి ఆళ్ళు వస్తరు" అని బండి తాళం తీసుకుని పోయాడు.

సింధూజ కళ్ళు తుడుచుకుని, "అమ్మా, నీకు చాతగాకపోతే అద్దం దాని మీదనే కొడ్తం తియ్యి" అంది.

"అద్దం కిటికీకి ఎదురుంగనే ఉండాలన్నవు గదా. ఆడనే పెట్టు."

గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. గోడ ముందు కూర్చున్నాను. గడియారం చూస్తే ఎనిమిదిన్నర. గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. ఇరవై రెండేళ్ళు ఆలోచించకుండా చేసిన పని. గుడ్డ ముంచాలి, పిండాలి, పైనుంచి కిందికి రుద్దాలి. నా చేయి గుడ్డను పట్టుకుని మోకాలి మీదే ఉండిపోయింది. మచ్చ మీద అరచేయి పెట్టి చూశాను. కొంచెం జిగటగా ఉంది. కొబ్బరినూనె వాసన వచ్చిందో, నాకే అనిపించిందో తెలియదు.

గుడ్డ మడిచి గిన్నె పక్కన పెట్టాను. గది వైపు తిరిగి, ఆయన కూర్చున్నట్టే గోడకు వీపు ఆనించి, కాళ్ళు మాత్రం చాపాను. అడ్డం ఏమీ రాలేదు.

శివకృష్ణ డబ్బాతో వచ్చాడు. గోడను చూశాడు, గిన్నెను చూశాడు.

"కడుగలేదా?"

"లేదు."

"రేపు ఆళ్ళు అడిగితే?"

"నేను చెప్త. మీ బాపుకు కాళ్ళు చాపే చోటు లేకుండె, ఈడ కూసునేటోడని చెప్త. ఇల్లు చూడనీకె వస్తున్నరు గదా, చూడనీ."

వాడు స్టూలు ఎక్కి, ప్రైమర్ డబ్బాను మాళియా మీద దుప్పట్ల వెనక్కి తోశాడు. దిగి, సింధూజతో "అద్దం ఆ కొస పట్టు" అన్నాడు.

వాళ్ళిద్దరూ కిటికీకి ఎదురుగా మేకులు కొడుతుంటే నేను అక్కడే కూర్చున్నాను. గిన్నెలో నీళ్ళు చల్లారాయి. అంచున సోడా తెల్లగా పేరుకుంది. గుడ్డ పొడిగానే ఉంది.